ఇసుకలో సవతి

పెళ్ళయిన నెల రోజుల దాకా ఆ గాజుతొట్టిలో చేప ఉన్నట్టే కొత్తమ్మాయికి తెలియదు. ముందుగదిలో, ఆమె కుట్టుమిషన్‌కు ఎదురుగా, మోకాలెత్తు బల్ల మీద ఉంటుంది ఆ తొట్టి. అడుగున బెత్తెడు మందాన సన్నటి ఇసుక, ఓ మూల చెట్టువేరు ముక్క, నాలుగు నీటిమొక్కలు, బుడగలు వదిలే గొట్టం. అంతకుమించి ఏమీ కనిపించేది కాదు. కళ్ళద్దాల షాపు నుంచి ఏడింటికి ఇల్లు చేరిన మొగుడు మాత్రం టీ అయినా తాగకుండా తొట్టి దగ్గరకు వెళ్ళేవాడు. పైనున్న లైటు వేసి, గాజు మీద గోటితో మూడుసార్లు కొట్టి, డబ్బాలోంచి సన్నటి ఎర్ర పురుగుల్ని నీళ్ళలో వదిలేవాడు. పది నిమిషాలు నడుం వంచి చూసి, ఒక నిట్టూర్పు విడిచి, అప్పుడు గానీ పెళ్ళాం మొహం చూసేవాడు కాదు. ఇసుకకు తిండి పెట్టే మనిషిని కట్టుకున్నానేమిటి దేవుడా అని ఆమె మొదట్లో నిజంగానే భయపడింది.

కొత్తమ్మాయి అంటే పద్దెనిమిదేళ్ళ పిల్ల అనుకునేరు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. పెళ్ళి ఊసెత్తిన వాళ్ళందరికీ దణ్ణం పెట్టి పంపేసి, కుట్టుపనితో తన బతుకు తాను బతికిన మనిషి. చివరికి చత్వారం వచ్చి, సూదిలో దారం ఎక్కడం లేదని కళ్ళద్దాలకు వెళ్ళింది. మూడుసార్లు అద్దాలు మార్చి చూపించిన షాపాయన నాలుగోసారి డబ్బులు తీసుకోలేదు. ఐదోసారి తన సంగతి చెప్పుకున్నాడు. భార్య పోయి రెండేళ్ళు దాటిందట, పిల్లలు లేరట. అలా ఆమె మిషనూ, రెండు పెట్టెలూ ఈ ఇంటికి వచ్చాయి. ఆడపడుచు మొదటిరోజే "కొత్తమ్మాయి బాగుందిరా తమ్ముడూ" అంది. ఆ మాటే పేరై కూర్చుంది. వీధిలో పాలాయన నుంచి పక్కింటి ముసలావిడ దాకా అందరికీ ఆమె కొత్తమ్మాయే. ఏడు నెలలైనా ఆ కొత్త వదల్లేదు.

చేప సంగతి బయటపెట్టింది ఆ ఆడపడుచే. ఓ ఆదివారం వచ్చి కూర్చుని, కాళ్ళు బారజాపుకుని కబుర్లు చెబుతోంది.

"ఏం వదినా, ఈ ఖాళీ తొట్టికి ఈయన వారం వారం నీళ్ళెందుకు మారుస్తారు?" అని అడిగింది కొత్తమ్మాయి.

"ఖాళీ ఏంటమ్మా! అందులో బొమ్మిడాయి ఉంది కదా. వాడు చెప్పలేదూ?" అంది ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంటూ. "మా మరదలు పెంచుకుంది. వేలెడంత పిల్లప్పుడు తెచ్చింది. దానికి మనిషి పొడ గిట్టదు. పగలల్లా ఇసుకలో దూరి, ముక్కు మాత్రం పైకి పెట్టుకుని పడుంటుంది. మా మరదలు చెయ్యి పెడితే మాత్రం ఎక్కడున్నా వచ్చి వేళ్ళ మధ్య నుంచి తినేది. అది చేప కాదమ్మా, ఆమె ప్రాణం అనుకో."

నేనూ మీ మరదలినే కదా వదినా అనబోయి, నాలుక కరుచుకుని, కొత్తమ్మాయి టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చచ్చినవారి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. ఆ ఇంట్లో పోయినావిడ కళ్ళే కాదు, చేతులు, మాట, నవ్వు, గుమ్మంలో వేసిన ముగ్గుతో సహా అన్నీ చారెడే. తొట్టికి పైన గోడ మీద ఆవిడ ఫొటో ఉండేది. పసుపు పూల బట్టలు వేసుకుని, తల కొంచెం వంచి నవ్వుతూ ఉంటుంది. కొత్తమ్మాయి ఆ ఫొటోను కుట్టుపని కంటితో చూసి, మెడ సరిగ్గా కూర్చోలేదనీ, ఎడమ భుజం కుట్టు ముందుకు జారిందనీ కనిపెట్టి, ఆ మాత్రానికే రెండు రోజులు హాయిగా నిద్రపోయింది. ఎంత అల్పసంతోషమో చూడండి.

అసలు గొడవ ఆ ముక్కుతో వచ్చింది. సంగతి తెలిశాక చూస్తే, సాయంత్రం నాలుగింటికి, ఎండ వెనకవైపు వాలి ముందుగది మసకబారే వేళకు, ఇసుకలోంచి ఓ కొస లేచేది. గొట్టంలా సాగి, చివర చిన్న తొండంలా కదిలే ముక్కు. దాని వెనక ఆవగింజంత కళ్ళు రెండు. అప్పుడు ఆమె మిషన్ ఆపి, గోడకు ఆనుకుని కింద కూర్చుని కాజాలు కుట్టుకునేది. చప్పుడు లేని పని. ఆ ముక్కు తిన్నగా ఆమె వైపే తిరిగి, కాసేపు గాలి పీల్చినట్టు అటూ ఇటూ ఆడి, కొన్ని రోజులైతే మెడ దాకా కూడా పైకొచ్చి, ఆమెనే చూస్తూ ఉండేది.

చూస్తోందని కొత్తమ్మాయి అనుకుంది. కాపలా కాస్తోందని అనుకుంది. తన తర్వాత ఇంట్లోకి వచ్చినది ఏం కుడుతోందో, ఎలా కూర్చుందో, ఎంతసేపు ఉంటుందో చూసి రమ్మని పోయినావిడ పంపిన మనిషిలా అనిపించేది. ఏడింటికి మొగుడు రాగానే అది దాక్కునేది. ఆయన గోటితో పిలవడం, ఎదురుచూడటం, నిట్టూర్చడం. ఆ నిట్టూర్పు ఎవరి కోసమో పసిపిల్లకైనా తెలుసు. ఒక్కరోజైనా తన కోసం ఆ మనిషి అంత పొడుగు ఊపిరి తీశాడా? జ్వరమొచ్చి మూడు రోజులు పడుకున్నప్పుడు కూడా మాత్రలు తెచ్చి పెట్టి, నుదురు ముట్టుకుని, ఆనక వెళ్ళి గాజు మీద మూడుసార్లు కొట్టాడు. పక్కమీద పడుకుని ఆ మూడు చప్పుళ్ళూ లెక్కపెట్టిన ఆమెకు ఒళ్ళు జ్వరంతో కాదు, కుళ్ళుతో కాలిపోయింది. బతికున్న సవతైతే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. చచ్చి ఇసుకలో దూరిన సవతితో ఏం చేస్తాం?

తెచ్చుకున్న రెండు పెట్టెల్లో ఒకటి ఇంకా విప్పలేదామె. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఏడుద్దామని ఆమె కాచుకుని ఉంది.

ఒక మంగళవారం ఆయన షాపుకు వెళ్ళాక, చీర కొంగు దోపి, పట్టుదలతో లేచింది. తొట్టిని అందంగా చేస్తే తప్పేముంది అని తనకు తాను చెప్పుకుంది. తను కుట్టిన నీలం కర్టెన్లకు జోడుగా, వీధి చివర చేపల షాపులో రెండు సంచుల నీలి రంగురాళ్ళు కొంది. ఏ చేపకమ్మా అని షాపతను అడిగితే, "ఏదో చేపకులే" అని తెచ్చేసుకుంది. బొమ్మిడాయి అన్న మాట నోటితో అనడానికి కూడా ఆమెకు ఇష్టం లేదు.

మగ్గుతో ఇసుకంతా తోడి పెరట్లో బకెట్టులో పోసింది. అడుగు బయటపడేసరికి గోధుమరంగు మెరుపొకటి వేరుముక్క కిందికి దూరింది. రాళ్ళు కడిగి పరిచింది. మూత తుడుస్తూంటే, గొట్టం లోపలికి దిగే కన్నం చుట్టూ ఓ గుడ్డపీలిక గట్టిగా కుక్కి ఉండటం కనిపించింది. లాగితే మురికిపట్టి, జిడ్డుగా వచ్చింది. నీళ్ళ కింద పెట్టగానే పసుపు పూలు తేలాయి.

ఆ పూలు ఆమెకు తెలుసు. ఫొటోవైపు ఒకసారి, చేతిలోకి ఒకసారి చూసింది. ఒంటిమీది బట్ట చింపి ఇక్కడ కూడా పెట్టి పోయావా తల్లీ అని, దాన్ని తీసుకెళ్ళి తన ముక్కల సంచిలో అడుక్కు తొక్కేసింది. మూత మళ్ళీ పెట్టింది. కన్నం కన్నంలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి చేప బయటికొచ్చింది. అప్పుడు చూసిందామె దాన్ని మొత్తంగా. జానెడు కంటే కాస్త పొడుగు. పాములా ఉంది గానీ పాము కాదు. ఒళ్ళు పక్కలకు నొక్కినట్టుంది, తోక దగ్గర రెక్కలు అంచు కుట్టినట్టు చుట్టూ తిరిగి కలిశాయి. తేనె కలిసిన గోధుమరంగు మీద తోకవైపు వరసగా నాలుగు నల్లచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ పసుపు గీత. వీపు మీద పొట్టి ముళ్ళు పడుకుని ఉన్నాయి. అందంగా ఉంది. వికారంగా ఉంటే పోనీలే అనుకునేది. అందంగా ఉండటం ఆమెను ఇంకా మండించింది.

అది రాళ్ళలో ముక్కు దూర్చింది. దూరలేదు. ఇంకోచోట పొడిచింది, వెనక్కి వచ్చింది. గాజు వెంట చుట్టూ తిరిగి మళ్ళీ పొడిచింది. "ఎక్కడ దాక్కుంటావో దాక్కో ఇప్పుడు" అని పైకే అని, కొత్తమ్మాయి కుట్టిన బట్టలు సంచిలో పెట్టుకుని ఇచ్చి రావడానికి వెళ్ళిపోయింది. దారంతా గెలిచినట్టే నడిచింది.

తిరిగొచ్చేసరికి ఐదయింది. తొట్టిలో చేప లేదు.

వేరు ఎత్తి చూసింది. రాళ్ళు కెలికింది. మొక్కలు పక్కకు తీసింది. నీలి రాళ్ళ మీద నీళ్ళు తేటగా నిలబడ్డాయి. మూత తీయబోతూ కన్నం చూసింది. ఆమె బొటనవేలు పట్టేంత కన్నం. గొట్టం తడిగా ఉంది, మూత మీద తడి చార ఉంది, గచ్చు మీద రెండడుగుల మేర సన్నటి చార ఉండి ఆపైన ఆరిపోయింది. ఆయన రావడానికి ఇంకా రెండు గంటలు. ఆ రెండు గంటలు అయ్యాక ఈ ఇంట్లో తను ఏమవుతుంది? కొత్తమ్మాయి కూడా కాదు. పోయినావిడ ప్రాణం తీసినది అవుతుంది. విప్పని పెట్టె అందుకేనేమో విప్పలేదు అనుకుంది.

బల్ల కింద, బీరువా వెనక, స్నానాల గదిలో, వంటింటి తూము దగ్గర వెతికింది. చీపురు కూడా దులిపి చూసింది. ఆఖరికి చెప్పులైనా వేసుకోకుండా చేపల షాపుకు పరుగెత్తి, తొట్టిలో బొమ్మిడాయి కనబడటం లేదని చెప్పింది.

"బొమ్మిడాయా! ఆ రాళ్ళు దానికా?" అన్నాడు షాపతను లేచి నిలబడి. "ముందే చెప్పొద్దా అమ్మా! అది వాగుల్లో, కాలవల్లో మెత్తటి అడుగున బతికే జాతి. ఇసుక లేకపోతే దానికి ఇల్లు లేనట్టే. రాళ్ళలో దూరబోతే ఒళ్ళు గీసుకుపోతుంది. అందుకే పారిపోయింది. మరి కన్నంలో గుడ్డ లేదూ? పాతావిడకి నేనే చెప్పాను, ఇది దారం పట్టే సందున్నా దూరిపోతుంది, గుడ్డ కుక్కండి అని."

కొత్తమ్మాయికి ముక్కల సంచి అడుగున తొక్కేసిన పసుపు పూల పీలిక గుర్తొచ్చింది.

"పోయినట్టే అనుకోకండి," అన్నాడతను ఆమె మొహం చూసి. "ఒంటి తడి ఆరనంతసేపూ ప్రాణం పట్టుకుని ఉంటుంది. ఇంట్లో ఎక్కడ తడుందో అక్కడ చూడండి. దొరికితే మందులు గిందులు పోయకండి, దానికి పడవు. ఇసుకలో వదిలి, చీకటి చేసి ఊరుకోండి."

తడి. ఇంట్లో తడి ఎక్కడుంది? దారిలోనే గుర్తొచ్చి మళ్ళీ పరుగు అందుకుంది. కొత్త బట్ట కత్తిరించే ముందు తడిపి ఆరేస్తారు, కుట్టాక ముడుచుకుపోకుండా. పొద్దున్న తడిపిన లైనింగు గుడ్డ ఆరు మీటర్లు, మడత విప్పకుండా మిషన్ కింద ప్లాస్టిక్ పట్టా మీద పెట్టి మర్చిపోయింది. తొట్టి మీద కుళ్ళుతో తన పని తానే మర్చిపోయింది.

మోకాళ్ళ మీద కూలబడి మడతల్లో చెయ్యి పెట్టింది. మూడో మడతలో వేలికి చురుక్కున గుచ్చుకుంది. పాతికేళ్ళ పని అలవాటున, గుడ్డలో సూది మర్చిపోయాననుకుంది. ఆ సూది కదిలింది.

అప్పుడామెకు ఏడుపొచ్చింది. వేలి మీద రక్తం చుక్కతోనే గుడ్డతో సహా దాన్ని ఎత్తి, నీళ్ళున్న టబ్బులో వదిలింది. చేప ముళ్ళన్నీ లేపి, వంకర తిరిగి, ఒక నిమిషం పక్కకు ఒరిగి ఉండిపోయింది. చివరికి మొప్ప కదిలింది, ముక్కు కదిలింది. ముక్కు కొస గీసుకుని ఎర్రగా ఉంది. "నేనే గీశానే తల్లీ, నేనే," అంది కొత్తమ్మాయి. సవతిని తల్లీ అని పిలవడం ఇది రెండోసారి గానీ, ఈసారి మాట వేరు.

మొగుడు వచ్చేసరికి గదంతా నీళ్ళు. పెరట్లో బకెట్టు సగం ఖాళీ. తొట్టిలో కడిగిన ఇసుక సగం దాకా వచ్చింది. రంగురాళ్ళు గుమ్మం దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి, వాటి మధ్య పెళ్ళాం కూర్చుని ఉంది. ఆమె ఏదీ దాచలేదు. ఇసుక తీయడం, గుడ్డ లాగడం, ఎందుకు లాగిందో, అన్నీ చెప్పేసింది.

"మీరు కోప్పడితే పడతాను. నాకు అదంటే కుళ్ళండీ. మీరు రోజూ దాని దగ్గర నిలబడి ఆవిడని తలుచుకుంటుంటే చూడలేకపోయాను. అదీ సంగతి."

ఆయన టబ్బు వైపు అడుగు వేసి ఆగిపోయాడు. చేప అప్పటికే ఆమె వేసిన రెండు గుప్పెళ్ళ ఇసుకలో దూరిపోయింది.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"ఏంటి?"

"దాన్ని. మొత్తం చూశావా? ఎంత పొడుగుంది? తోక దగ్గర చుక్కలు ఇంకా ఉన్నాయా?"

ఆమెకు అర్థం కాలేదు. ఆయన తడి గచ్చు మీదే చతికిలబడ్డాడు. "తను పోయాక అది నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. మూడేళ్ళు. పొద్దున్నకి పురుగులుండవు కాబట్టి ఉందిలే అనుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి అదీ నమ్మకం పోయింది. లైటేసి చూస్తాను, పిలుస్తాను, రాదు. బతికుందో చచ్చిందో తెలీని చేపకి తిండి పెడుతున్నానని ఎవరికి చెప్పుకోను? నవ్వరూ?"

"మరి ఆ నిట్టూర్పు?"

"ఇవాళా రాలేదని."

కొత్తమ్మాయి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఊరందరికీ చూపు అమ్మే మనిషి. "ఏమండీ," అంది మెల్లగా, "అది రోజూ బయటికొస్తుంది. నాలుగింటికి. నేను కాజాలు కుట్టుకుంటుంటే మెడదాకా వచ్చి నన్నే చూస్తుంది. దానికి వెలుతురు పడదు, చప్పుడు పడదు. మీరు లైటేసి టకటకా కొడితే ఇంకేం వస్తుంది?"

"నీకా?" అన్నాడాయన. "నీకు కనపడుతుందా?"

మర్నాడు ఆమె ముక్కల సంచి అడుగు నుంచి పసుపు పూల పీలిక తీసింది. ఉతికింది. అంచులు పోగులు పోతున్నాయి. ఇంకో ఏడాదైతే అది ఊడి, కన్నం దానంతటదే తెరుచుకునేది. నాలుగువైపులా అంచు మడిచి సన్నగా చేతికుట్టు వేసి, గొట్టం చుట్టూ తిరిగి కుక్కింది. కుట్టు బాగా వచ్చింది. భుజం కుట్టు జారిన ఆవిడకు ఇంతకంటే మంచి అంచు ఎవరూ వేసి ఉండరనుకుంది, కుళ్ళు అంత తొందరగా ఎక్కడికి పోతుంది.

చేపను మళ్ళీ తొట్టిలో వదిలాక మూడు రోజులు ఇసుక కదల్లేదు. ఆమె కాజాలు కుట్టింది, గుండీలు కుట్టింది, కుట్టడానికి ఏమీ లేకపోతే కుట్టినది విప్పి మళ్ళీ కుట్టింది. నాలుగోరోజు ముక్కు లేచింది. గీసుకున్నచోట తెల్లటి మచ్చ ఉంది. అలాగే గుచ్చి చూసింది ఆమె వైపు. ఆ సాయంత్రం ఆమె రెండో పెట్టె విప్పింది.

ఆదివారం షాపు సెలవు. నాలుగవుతుండగా ఆయన వచ్చి, ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లైటు వేయలేదు, గోరు తాకించలేదు. మోకాళ్ళు నొప్పెడుతున్నా కదల్లేదు. ఆమె ఒక కాజా పూర్తి చేసి రెండోది అందుకుంది. ఇసుక చిట్లింది. తొండంలాంటి ముక్కు, ఆవగింజ కళ్ళు, మెడ, ఆ తర్వాత మూడేళ్ళలో మొదటిసారిగా ఆయన ముందు, నాలుగు చుక్కల తోకతో సహా చేప మొత్తం పైకొచ్చింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చేప ఆయన ముందు నుంచే వెళ్ళి, ఆమెకు ఎదురుగా గాజు దగ్గర ఆగింది.

"నీ వైపే వచ్చింది," అన్నాడు గుసగుసగా.

"ఊఁ."

"మూడేళ్ళు పెట్టింది నేను. నీళ్ళు మార్చింది నేను. నన్ను అసలు చూడనైనా లేదు."

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. ఏడు నెలలు తన లోపల విన్న గొంతే అది. ఈ ఇంట్లో తనకు దక్కినదాన్ని చూసి ఒకరు ఏడవడం ఇదే మొదలు, అదీ ఈయన. ఆమె దారం పళ్ళతో కొరికి, సూది గుచ్చి పెట్టి, చేపను చూస్తూనే అంది:

"ఏడు నెలలు నేను కుళ్ళుకున్నానండీ. ఇప్పుడు కొన్నాళ్ళు మీరు కుళ్ళుకోండి."